పూజనాడు ఆగని కంప్యూటర్

ఈ మధ్య మా ఇంట్లో కంప్యూటర్ ఎప్పుడు వెలిగించినా ముందుగా నీలం కాగితంలాంటిది ఒకటి తెర నిండా పరుచుకుంటోంది. నాకు చదువు రాదు కాబట్టి పండగ శుభాకాంక్షలేమో అనుకున్నాను గానీ, మా అమ్మాయి చదివి చెప్పింది, ఈ మెషీను పాతదైపోయిందట, కొత్తగా వచ్చేదేదీ ఇక దీనికి ఎక్కదట, వేరేది కొనుక్కోమంటున్నారట. గోల్ బజార్లో మాకు ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ దాదాని పిలిపిస్తే, ఆయన పక్కమూత విప్పి, లోపలికి తొంగిచూసి, మళ్లీ మూత పెట్టేసి, బెంగాలీలో వదినని పిలిచినట్టు, ఇది కండెమ్ అయిపోయింది బౌదీ అన్నాడు. రైల్వే ఊళ్లో బతికినవాళ్లకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నడిచి నడిచి ఇక పనికిరాదనుకున్న బోగీ పక్కన తెల్లరంగుతో ఆ మాట రాసి, ఓ మూల పట్టాల మీదకి తోసేస్తారు, ఆ తర్వాత దాని చక్రాల మధ్య గడ్డి మొలవాల్సిందే. దాదా వెళ్లిపోయాక నాకు వంటింట్లోకి వెళ్లాలనిపించలేదు. ఆ పెట్టె పక్కనే స్టూలు వేసుకుని కూర్చుండిపోయాను. ఈ వయసులో కూర్చుంటే లేవడం ఎలాగూ కష్టమే, దానికితోడు ఒకటి వెనక ఒకటి పాతవన్నీ గుర్తొచ్చాయి. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది, మధ్యమధ్యలో ఇదంతా ఎందుకే అమ్మా అని ఆపుతోంది కూడా.

మా ఆయన రైలు బోగీలు బాగుచేసే క్యారేజ్ షాపులో ఫిట్టరు. పలాస దగ్గర మా ఊరినుంచి పెళ్లయ్యి ఈ ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు నాకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు, ఆయన మాత్రం బెంగాలీ, హిందీ, ఒరియా అన్నీ కలిపి ఒకే కూరలా వండేసేవారు. పాతదేదైనా పారేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. షాపుకి మరమ్మతుకొచ్చిన బోగీలో ఏమేం పాతబడ్డాయని చూడకూడదట, అలా చూస్తే అంతా పాతదే కనిపిస్తుందట, అసలు దాన్ని కదలకుండా ఆపుతున్నది ఏదో అది పట్టుకోవాలట. ఇంట్లో కుక్కర్ దగ్గరనుంచి నా కాలి మడమ నొప్పిదాకా ఆయన అన్నిటికీ ఇదే లెక్క చెప్పేవారు, మడమ సంగతి మాత్రం ఆయనకీ అంతుపట్టలేదనుకోండి.

రిటైరయ్యే ముందు, ఏవో ఆఫీసుల పాత కంప్యూటర్లు వేలంలో ఎత్తుకున్న ఒక వ్యాపారి దగ్గర ఈ పెట్టెని బేరమాడి, రిక్షా బండి మీద పడుకోబెట్టి, పక్కన తను నడుస్తూ, పిల్ల చదువుకని ఇంటికి తెచ్చారు. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి చూసి, శవంలా తెచ్చావేటి బాబూ అని నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. నాకు చదువు రాకపోయినా దీని బటన్ ఎక్కడుందో చూపించి, పొద్దున్నే దీపం పెట్టినట్టు నువ్వే వెలిగించాలని చెప్పారు. అప్పటినుంచి ఆ బటన్ నొక్కడం నా పనైపోయింది. లోపల జరిగేదంతా తండ్రీకూతుళ్లిద్దరిదీ, వెలిగించడం మాత్రం నాది.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం నేను నొక్కేదాన్ని కాదు. అది విశ్వకర్మ పూజ. మన ఆంధ్రా వైపు దసరాకి ఆయుధాలకి చేసినట్టు ఇక్కడ విశ్వకర్మ నాడు మెషీన్లకి చేస్తారు. ఆ రోజు షాపు గేట్లు తెరిచేసి ఇంటివాళ్లందరినీ లోపలికి రానిచ్చేవారు. మిగతా ఏడాదంతా చెవులు పగిలేలా మోగే చోట ఆ రోజు నిశ్శబ్దంగా ఉండేది, ఏనుగుల్లాంటి మెషీన్లు మెడలో బంతిపూల దండలు వేసుకుని కదలకుండా నిలబడి ఉండేవి, మా ఆయన నన్నూ పిల్లనీ తన మెషీను దగ్గరికి తీసుకెళ్లి, అత్తగారింటికి చుట్టాలొచ్చినంత మర్యాదగా పక్కకి జరిగి చూపించేవారు. ఆ రోజు ఊళ్లో ఏ మెషీనునీ పనికి ముట్టుకోరు. లారీ ముట్టుకోరు, రిక్షా ముట్టుకోరు, టైలరమ్మ కుట్టుమిషను ముట్టుకోదు. రిటైరయ్యాక ఆయన ఇంట్లోనే తన స్పానర్లు కడిగి, వాటిని కంప్యూటర్ ముందు పేర్చి, అన్నిటికీ బొట్టు పెట్టి, ఆ రోజంతా దాన్ని వెలిగించనిచ్చేవారు కాదు. పిల్ల ఎంత బతిమాలినా వినేవారు కాదు. ఏడాదంతా మనకోసం చేసింది, ఇవాళొక్కరోజు దాన్ని దానిలా ఉండనియ్యండి అనేవారు.

ఆయన పోయాక మా సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మన తరంలో ఇలాంటివి ఇంటింటా ఉన్నవే. క్వార్టరు అంతకుముందే ఖాళీ చేసేసి ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ పక్క సందులో అద్దెకుంటున్నాం. ఆయన పెన్షను నా పేరు మీదకి మారడానికి కాగితాలు తిరుగుతూ ఉన్నాయి. ఆ ఇంటికి సందులోకి తెరుచుకునే కిటికీ ఒకటి ఉండేది. మా అమ్మాయి కంప్యూటర్ని ఆ కిటికీ దగ్గరికి జరిపి, ఫారాలు నింపడం మొదలుపెట్టింది. ఉద్యోగాల ఫారాలు, పరీక్షల ఫారాలు, రైలు టిక్కెట్లు, ఎవరికేం కావాలన్నా కిటికీ బయట నిలబడి చెప్పేవారు, పిల్ల లోపల కూర్చుని టైపు కొట్టేది. మా ఇద్దరి తిండీ ఆ కిటికీలోంచే వచ్చేది.

మా అన్నయ్యకి ఇది నచ్చలేదు. ఆయన మంచివాడే, నన్ను చిన్నప్పుడు భుజాలమీద మోసినవాడు, కానీ మనసులో ఒకటి పెట్టుకుంటే ఇంకొకటి దూరదు. కర్మలకి వచ్చినప్పుడే చెప్పేశాడు, ఇల్లు ఎత్తేసి పలాస వచ్చెయ్యాలని, పిల్లకి జీడిపప్పు బట్టీలో పని చూస్తానని. నాకు ఒప్పుకోవాలని లేదు, కాదనడానికి బలమూ లేదు. అప్పటికి కంప్యూటర్ కూడా ఆయన పక్షమే చేరినట్టు తయారైంది. పొద్దున్న బటన్ నొక్కి ఎసరు పెడితే, అన్నం ఉడికి వార్చుకునేదాకా అది తెరుచుకునేది కాదు. ఫారం సగం నింపాక ఫోటో ఎక్కించబోతే గిర్రున తిరుగుతూ కూర్చునేది, ఈలోగా అవతల గడువు దాటిపోయిందని మొత్తం తుడిచేసేవారు, మళ్లీ మొదటినుంచి. నిలబడి నిలబడి మనుషులు వేరే దుకాణాలకి పోతున్నారు. అన్నయ్య మధ్యలో ఓసారి వచ్చి ఇదంతా చూశాడు.

"ఈ డబ్బాని సూసుకుని ఊళ్లో ఉండిపోతానంతావేటి సెల్లీ. ఇశ్వకర్మ పూజకి వస్తాను, లారీ మాటాడతాను. సామాన్లు కట్టి ఉంచండి" అన్నాడు.

మా అమ్మాయి సామాన్లు కట్టలేదు. మర్నాడు పెట్టెని గుడ్డలో చుట్టుకుని, నన్ను తోడు తీసుకుని గోల్ బజార్లో ఈ దాదా దగ్గరికి వెళ్లింది. దాదా చూసి, ఇందులో ఏముంది, అంతా మార్చాలి, కొత్తది తీసుకోండి అని చెప్పుకొచ్చాడు. నేను లేచి నిలబడ్డాను, ఇక ఇంటికి పోదామన్నట్టు. పిల్ల కదల్లేదు. వాళ్ల నాన్న ముఖం పెట్టుకుని కూర్చుంది.

"దాదా, మొత్తం మార్సొద్దు. దీన్ని ఆపుతున్నది ఏటో అదొక్కటీ సెప్పు" అంది.

దాదా కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత వాళ్లిద్దరూ హిందీలో, బెంగాలీలో ఏదేదో మాట్లాడుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, దాని బుర్ర బాగానే ఉందట, దాని గిడ్డంగి పాడైందట. అన్నీ దాచుకునే హార్డ్ డిస్క్ లోపల చక్రంలా తిరుగుతుందట, అది ముసలిదైపోయి ఏది అడిగినా వెతుక్కుంటూ కూర్చుంటోందట. దాని బదులు తిరగకుండానే పనిచేసే ఎస్సెస్‌డీ అని ఒకటి వచ్చిందట, అట్లకాడ రేకంత ఉంటుంది, అందులో చిన్నది వేసి, పాడైపోయిన వేరే మెషీనులోంచి తీసిన ర్యామ్ ముక్క ఒకటి పక్కన గుచ్చితే చాలట. పైన డబ్బా, తెర, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు అన్నీ పాతవే ఉంటాయి. పోయినాయన చెప్పినమాటే మళ్లీ బెంగాలీలో విన్నట్టుంది నాకు.

అంత చిన్నదానికైనా మా దగ్గర లేదు. ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉంటే, దాదా తనే అడిగాడు, మీ తెలుగువాళ్ల ఇడ్లీ పిండి మా ఇంట్లో ఎంత చేసినా పొంగదు బౌదీ, రోజూ ఒక డబ్బా పంపగలరా అని. నేను సరేనన్నాను. అప్పటికి మా గ్రైండరు ఎప్పుడో పోయింది. వరండాలో రుబ్బురోలు ముందు కూర్చుని, వాళ్లకోసం ఇన్నాళ్లని లెక్క లేకుండా రుబ్బాను. ఆయనా ఎన్నాళ్లని చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు భుజం పైకెత్తలేకపోతున్నానంటే డాక్టరు వయసంటాడు, నాకు తెలుసు అది వయసు కాదని. పెట్టె బాగై ఇంటికొచ్చిన చాలా నెలలకి ఓ రోజు మా డబ్బా ఖాళీగా రాకుండా నిండా మరమరాలతో వచ్చింది. అంటే చెల్లిపోయిందని. మాటల్లో చెప్పుకోవాల్సిన పని లేకుండా పోయింది.

దాదా ఆ ముక్కలు బిగించి ఇచ్చింది సరిగ్గా పూజ ముందురోజు సాయంత్రం. తన దుకాణం కడుక్కుంటూ, దండలు కట్టుకుంటూ, హడావిడిగా మూత బిగించి మా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకున్నాం గానీ, మర్నాడు పూజ కదా, ఎల్లుండి చూద్దామనుకుని పడుకున్నాను. అన్నయ్య రేపు వస్తాడని తెలుసు. కొన్ని గిన్నెలు గోనెసంచిలో కట్టాను కూడా.

పొద్దున్న నేను వాకిలి ఊడుస్తుంటే ట్రాఫిక్ సెటిల్‌మెంట్లో ఉండే ఒకావిడ, తన కొడుకు కాగితాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆ ఏడు రైల్వే ఉద్యోగాలకి ఫారాలు పడ్డాయి. ఊరు ఊరంతా వేస్తోంది. చివరి తారీకు ఆ రోజే, సరిగ్గా పూజ రోజు. ఫారాలు తెరిచినవాళ్లకి ఇక్కడి పూజలతో పనేముంది. మనవాళ్లేమో సర్టిఫికెట్టు రాలేదనో ఫోటో బాలేదనో ఆగి ఆగి, దుకాణాలవాళ్లని అడిగితే, పూజ హడావిడిలో ఉన్నాం, పూజ మర్నాడు రండి అన్నారట. దుకాణాలవాళ్లూ తారీకు చూసుకోలేదు, వీళ్లూ చూసుకోలేదు. మిషను ఆగిన రోజు తారీకు కూడా ఆగుతుందనుకునే ఊరు మాది. ఇప్పుడు బజారంతా తిరిగినా కంప్యూటర్లన్నిటికీ దండలున్నాయి, ముట్టుకునేవాడు లేడు.

మా ఇంట్లో మాత్రం దండ లేదు. ఆయన పోయి ఏడాది తిరగలేదు, ఏ పూజా చెయ్యకూడని ఇల్లు. ఆవిడ అది చూసే మా కిటికీ దగ్గరికొచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు సందు మొదట్లోంచి వస్తున్నారు.

నాకు మనసొప్పలేదు. పూజ చెయ్యలేకపోతే మానె, ఆయన బతికున్నన్నాళ్లూ ఆ ఒక్కరోజూ దాని జోలికి పోనివ్వలేదే, ఆయన లేని మొదటి ఏడే నేను దాన్ని లేపి పనిలో పెట్టడమా. పిల్లతో అదే చెప్పాను. చీపురు చేతిలో పట్టుకునే చెప్పాను. అది తల దువ్వుకుంటోంది. జడ వేసుకోవడం పూర్తి చేసింది.

"మనకి పూజ లేదు కదే అమ్మా. పూజ లేని ఇంట్లో నాగా ఎక్కడిది" అంది. తర్వాత కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఎప్పుడూ నువ్వే కదా నొక్కుతావు. నువ్వే నొక్కు. వద్దనుకుంటే మావయ్యతో ఎలిపోదారి" అంది.

అలసిపోయి ఉన్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆయన ఫోటో వైపు చూశాను గానీ, ఫోటోలు ఏం చెబుతాయి. కిటికీ అవతల ఆవిడ మా ముఖాలు చూస్తూ నిలబడి ఉంది, చేతిలో కొడుకు కాగితాలు చెమటకి మెత్తబడుతున్నాయి. ఆయన షాపులో పాతికమందిని పనిలో పెట్టించారని చెప్పుకునేవారు, నిజమో కాదో, ఆ పాతికమందిలాంటివాళ్లే ఇప్పుడు ఈ సందులో నిలబడ్డారనిపించింది. వంగి నొక్కాను.

ఎసరు పెట్టుకుందామని అలవాటుగా వంటింటివైపు తిరిగేసరికి వెనక తెర వెలిగిపోయింది. ఇంత తొందరగా వెలుగుతుందని నేననుకోలేదు. కిటికీ బయట ఆవిడ ఇంకా కొడుకు పేరు చెప్పనేలేదు.

ఆ తర్వాత ఆ రోజంతా ఎలా గడిచిందో నాకు వరసగా గుర్తులేదు. సందు చివరిదాకా మనుషులు. ట్రాఫిక్ నుంచి, ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి, సాలువా నుంచి సైకిళ్ల మీద వచ్చినవాళ్లు. బొట్లు పెట్టుకుని, పూజ బట్టలతో, కొందరి చేతిలో ప్రసాదం పొట్లాలు. మైల ఇల్లని తెలిసి కొందరు గుమ్మం తొక్కకుండా కిటికీ దగ్గరే నిలబడ్డారు, కొందరు అదేమీ పట్టించుకోకుండా లోపలికొచ్చి నేల మీద కూర్చున్నారు. ఒకావిడ, మీ ఆయనే ఈ మిషను నడుపుతున్నాడు అంది. నాకది నచ్చలేదు. నడుపుతున్నది నా కూతురు, పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా తాగకుండా.

మధ్యాహ్నం అన్నయ్య దిగాడు. స్టేషన్ దగ్గర లారీ కోసం తిరిగి తిరిగి వచ్చాడు, లారీలన్నిటికీ పూలదండలు, డ్రైవర్లంతా భోజనాల దగ్గర, ఒక్కడూ కదల్లేదట. చిరాకుగా మా సందులోకొచ్చి, జనాన్ని తోసుకుంటూ రాబోతే, వెనక్కెళ్లి లైన్లో నిలబడు దాదా అని ఎవరో కుర్రాడు గదమాయించాడు. నేను వెళ్లి లోపలికి తెచ్చుకున్నాను. గోనెసంచి మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఆయన టీ తాగుతుండగానే కంప్యూటర్ వేడెక్కి ఠప్పున ఆగిపోయింది.

కిటికీ బయట వాళ్లంతా లోపలికి తొంగిచూశారు. పిల్ల పక్కమూత ఊడదీసింది. మాకున్నది ఒకటే టేబుల్ ఫ్యాను, దాని మెడ విరిగి ఎప్పుడూ నేల చూస్తుంటుంది. పిల్ల వెనక్కి తిరిగి చూడకుండానే, ఆ ఫ్యానెత్తి దీని లోపలికి పట్టు మావయ్యా అంది. అన్నయ్య గ్లాసు కింద పెట్టి, ఫ్యాను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. కాసేపటికి నేను మళ్లీ నొక్కాను. నొక్కి చెయ్యి తీసేలోపు వెలిగింది. అన్నయ్య తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. పొద్దు వాలేదాకా ఆ ఫ్యాను పట్టుకునే నిలబడ్డాడు. కాసేపు దించి పెట్టమన్నా ఒప్పుకోలేదు.

గడువు ముగిసేసరికి బయట ఒకరిద్దరు మిగిలారు. వాళ్లవి అందలేదు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే, అందినవాళ్లవి మాత్రం గుర్తులేవు. కిటికీ మూసేశాక మా అమ్మాయి బల్ల మీద తల పెట్టేసుకుంది. అన్నయ్య ఫ్యాను దించి, చేతులు నలుపుకుంటూ, ఒక మూలకి చూస్తూ మాట్లాడాడు.

"నాకో టిక్కెట్టు తియ్యే మేనకోడలా. పలాసకి. ఒక్కడికే తియ్యి."

గోనెసంచిలో గిన్నెలు విప్పి అందులోనే ఆ పూట వండాను.

ఆ కిటికీ మమ్మల్ని తర్వాత చాలాకాలం పోషించింది. పెన్షను వచ్చింది, ఇల్లు మారాం. ఫారాలు మెల్లగా ఎవరి ఫోన్లో వాళ్లే నింపుకోవడం మొదలయ్యాక కిటికీ దగ్గరికొచ్చేవాళ్లు తగ్గి, తర్వాత ఎవరూ రాలేదు. మా అమ్మాయి ఊళ్లో ఒక నర్సింగ్ హోంలో బిల్లుల పనికి కుదురుకుంది. అన్నయ్య పోయాడు. ఇన్నేళ్లలో పెట్టెని అప్పుడప్పుడూ నా తృప్తికోసం నేనే వెలిగించేదాన్ని.

నిన్న విశ్వకర్మ పూజ అయింది. పాత ఇనుము కొనేవాడు ముందురోజే వచ్చి అడిగితే పూజ కానివ్వమని పంపేశాను. ఆ ఏడు మొదలు ఏ పూజకీ దీనికి మేము దండ వేయలేదు, ఒక ఏడు కిటికీ ముందు మనుషులుండేవారు, ఒక ఏడు మాకే మనసొప్పేది కాదు. నిన్న మాత్రం మా అమ్మాయి చేత దాన్ని తుడిపించి, బంతిపూల దండ వేయించాను. బొట్టు కూడా దాని చేతే పెట్టించాను, నేను పెట్టకూడదు కదా. ఆయన స్పానర్లు ముందు పేర్చాం. బటన్ దగ్గరికి నేను వెళ్లలేదు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని చూశాను. పూజ పందిళ్లున్నాయి, పాటలున్నాయి, లారీలకి దండలూ ఉన్నాయి. కానీ దండం పెట్టుకునే చేతుల్లోనే ఫోన్లు వెలుగుతున్నాయి, టిక్కెట్లు తీస్తున్నారు, డబ్బులు పంపుతున్నారు, ఫారాలు నింపుతున్నారు. ఫోనుకి బొట్టు పెట్టి ఒక్కరోజు పక్కన పెట్టాలని ఎవరికీ తోచదు. వాళ్లని అనడానికేం లేదు, ఆ రోజు మేం చేసిందీ అదే కదా. అయితే ఆ రోజు ఊరంతా కూర్చుంటే మేమొక్కళ్లమే పరిగెత్తాం, ఇప్పుడు ఊరంతా పరిగెడుతుంటే మేమిద్దరం కూర్చున్నాం, నేనూ, లోపల దండ వేసుకుని అదీ. ఇనుమువాడు రేపు వస్తానన్నాడు. ఇంకో రెండ్రోజులాగి రమ్మంటాను.